సంచిలో ఒక పొడి చొక్కా



మా సంఘ యౌవనస్థులను వెంటబెట్టుకొని సంవత్సరానికి ఒకటి రెండుసార్లు కొండలకు వెళ్ళడం మాకు అలవాటు. మాది పల్లపు ప్రాంతం. వరిచేలు, కాలువలు, కొబ్బరి చెట్లు తప్ప మరేమీ కనబడదు. అందుచేత కొండ అంటే మా పిల్లలకు ఎక్కడలేని సరదా. ఏ ఊరు వెళ్ళాలి, ఏ బస్సు ఎక్కాలి, అన్నం ఎవరు వండాలి అని నెల రోజుల ముందు నుండే మాట్లాడుకుంటాము. ఏ బట్టలు వేసుకొని వెళ్ళాలి అన్నది మాత్రం చాలాకాలం మేము ఆలోచించనే లేదు. వేదాంత పాఠశాలలో మాకు గ్రీకు అక్షరాలు నేర్పారు, సంఘ చరిత్ర నేర్పారు. కొండ మీద చలికి ఏ బట్ట పనికివస్తుందో ఎవరూ నేర్పలేదు. నేర్చుకోకముందే ఒక పిల్లవాని ప్రాణం మీదికి తెచ్చాము. ఆ సంగతి దాచిపెట్టి సలహాలు చెప్పడం న్యాయం కాదు గనుక, ముందు అదే వ్రాస్తున్నాము.

అది 2012 జనవరి, సంక్రాంతి సెలవులు. పదిహేడు మందిమి లంబసింగి వెళ్ళాము. అప్పుడది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. శీతాకాలంలో తెల్లవారుజామున చలి సున్నా డిగ్రీల దగ్గరకు దిగిన రోజులు కూడా అక్కడ ఉన్నాయి. ఆ సంగతి పేపర్లో చదివే, చూడాలని బయలుదేరాము.

తెల్లవారుజామున నాలుగు గంటలకు టార్చిలైట్లు పట్టుకొని దగ్గరలోని ఒక గుట్ట ఎక్కడం మొదలుపెట్టాము. సూర్యుడు లేచే వేళకు పైన ఉండి, పొగమంచు లోయలో తెల్లగా పరచుకోవడం చూసి, పాటలు పాడి, ప్రార్థన చేసుకొని దిగాలన్నది మా ఆలోచన. బయలుదేరేటప్పుడు ఒక్కొక్కరినీ చూశాము. కొందరికి స్వెట్టర్లు, కొందరికి మఫ్లర్లు ఉన్నాయి. ఒక కుర్రవాడు మాత్రం నూలు చొక్కా, జీన్సు పాంటుతో నిలబడి ఉన్నాడు. కూలి చేసుకొనే తల్లికి ఒక్కడే కొడుకు. వయస్సు పద్దెనిమిది. "నీకు చలి వేయడం లేదా?" అని అందరి ఎదుట అడిగాము. "నాకు చలి లేదయ్యగారూ" అన్నాడు నవ్వుతూ. మేము నమ్మాము. మా ఒంటి మీద స్వెట్టరు, దాని మీద శాలువ ఉన్నాయి.

గంటన్నర ఎక్కుడు. అంత చలిలోనూ అందరికీ చెమటలు పట్టాయి. మోకాలెత్తు గడ్డి మీది మంచుకు పాంట్లు తడిసి ముద్దయ్యాయి. పైకి చేరేసరికి ఈదురుగాలి. ఆ గాలిలో నిలబడి అరగంటసేపు పాటలు పాడాము. ఆ కుర్రవాడు మొదట గడగడ వణికాడు. తరువాత వణుకు ఆగింది. ఒక రాతికి ఆనుకొని కూర్చున్నాడు. పేరు పెట్టి పిలిస్తే మాట ముద్దముద్దగా వచ్చింది. రాత్రి నిద్ర లేక తూగుతున్నాడని ఎవరో నవ్వారు. మేమూ నవ్వాము. ఈనాటికీ మాకు మింగుడుపడని సంగతి అదే.

కట్టెలకు పోతున్న ఒక ముసలమ్మ అటుగా వచ్చి ఆగింది. వాడి చెయ్యి పట్టి చూసి, మా వైపు తిరిగి, "తడిగుడ్డ ఒంటిమీద ఉంచేసి పాటలేటి బాబూ? ముందది తీసీండి" అన్నది. వాడి చొక్కా, బనియను తీయించింది. తన దుప్పటి వాడికి చుట్టింది. ఇద్దరు కుర్రవాళ్ళను చెరొక పక్కన ఆనుకొని కూర్చోమన్నది. మా శాలువ, స్వెట్టరు అప్పుడు వాడి మీదికి వెళ్ళాయి. వాడిని మోసుకొని ఆమె ఇంటికి దించాము. పొయ్యి దగ్గర కాస్త ఎడంగా పడుకోబెట్టి, బాగా తెలివి వచ్చి మింగగలిగిన తరువాత వేడి వేడి రాగి అంబలి కొద్దికొద్దిగా తాగించింది.

ఆ మధ్యాహ్నం డాక్టరుగారికి చూపించాము. "మనిషి ఒంటి వేడి 37 డిగ్రీలు ఉండాలి. లోపలి వేడి 35 కంటే దిగితే ప్రమాదమే. వణుకు ఆగిందంటే చలి తగ్గిందని అనుకోకండి, ఒంటికి వణికే శక్తి కూడా అయిపోయిందని తెలుసుకోండి" అని ఆయన చెప్పారు. అటువంటి వారి చేతులు కాళ్ళు గట్టిగా రుద్దకూడదనీ, సారా వంటివి పట్టకూడదనీ, తడి బట్ట తీసి పొడి బట్ట కప్పి వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలనీ చెప్పారు. ముసలమ్మ చేసినదంతా సరిగ్గానే చేసింది. చదువుకొన్న మేము చేయలేదు.

ఊరికి తిరిగి వచ్చిన రాత్రే ఆ తల్లి దగ్గరకు వెళ్ళి జరిగినది చెప్పాము. ఆమె కోప్పడలేదు. "వాడికి స్వెట్టరు లేదని మీకు తెలియదా అయ్యగారూ?" అని మాత్రం అన్నది. తెలుసు. ఆ ఇంటికి ప్రార్థనకు ఎన్నిసార్లు వెళ్ళామో! దండెం మీద ఆరేసిన రెండు చొక్కాలు ఎన్నిసార్లు చూశామో! లేనివాడిని పదిమందిలో "ఉన్నదా" అని అడిగితే "అక్కర లేదు" అనే చెబుతాడు. బీదవాని దగ్గర తాకట్టు పెట్టుకొన్న పైవస్త్రాన్ని సూర్యుడు అస్తమించకముందే తిరిగి ఇచ్చివేయాలని నిర్గమకాండం ఇరవై రెండవ అధ్యాయంలో ఉన్న ఆజ్ఞ మీద మేము ప్రసంగాలు చేసినవాళ్ళము. వాడు రాత్రి దేనితో పండుకొంటాడు అన్న ప్రశ్న మన ఇంటి ముందరి పిల్లవాడి గురించి కూడా అని ఆ రాత్రి తెలిసింది.

ఆ తరువాత తెలిసినవారిని అడిగి, పుస్తకాలు చదివి, మరి కొన్నిసార్లు నడిచి నేర్చుకొన్నది మీకు చెబుతాము.

మొదటిది, ఇంటి గుమ్మం దగ్గరి వాతావరణం చూసి బట్ట కట్టుకోకూడదు. కొండ మీద ఎలా ఉంటుందో దానికి తగినట్టు కట్టుకోవాలి. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు వేడి సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. గాలి వీస్తే ఒంటికి తెలిసే చలి మరింత ఎక్కువ. ఒళ్ళు తడిసి ఉంటే చెప్పనక్కర లేదు. నీరు ఒంటి వేడిని గాలి కంటే సుమారు ఇరవై అయిదు రెట్లు వేగంగా లాగివేస్తుంది.

మన నూలు బట్ట దగ్గరే చిక్కు వస్తుంది. నూలు నీటిని పీల్చుకొని పట్టుకొంటుంది, త్వరగా ఆరదు. చలికాలం కొండ మీద అది పగవాడే. అదే నూలు మే నెలలో మనకు స్నేహితుడు. చెమటను పీల్చి, అది ఆరేటప్పుడు ఒంటిని చల్లబరుస్తుంది. కాబట్టి ఫలానా బట్ట మంచిది, ఫలానాది చెడ్డది అనడానికి లేదు. ఏ కాలానికి, ఏ కొండకు అని అడగాలి.

చలికాలానికి ఒక లావు కోటు కంటే మూడు పలుచని పొరలు మేలు. ఒంటికి ఆనుకొని, చెమటను పట్టుకోకుండా త్వరగా ఆరే బట్ట ఉండాలి. ఆటలాడే పిల్లలు వేసుకొనే పాలియెస్టర్ టీషర్టు ఇందుకు చాలు. దాని మీద ఉన్ని స్వెట్టరు. ఉన్ని కొంచెం తడిసినా వెచ్చదనాన్ని కొంత నిలుపుతుంది. అన్నిటికీ పైన గాలిని, వానను ఆపే పలుచని కోటు. ఎక్కేటప్పుడు చెమట పట్టకముందే స్వెట్టరు విప్పి సంచిలో పెట్టాలి; ఆగినప్పుడు, చలి వేయకముందే తిరిగి తొడుక్కోవాలి. బద్ధకించి ఈ పని చేయనివారే ఎక్కువమంది. పొరల పద్ధతి కొత్తదేమీ కాదు. 1924లో ఎవరెస్టు మీద మరణించిన జార్జి మాలరీ దేహం 1999లో దొరికినప్పుడు, ఆయన ఒంటి మీద పట్టు, నూలు, ఉన్ని బట్టలు ఒకదాని మీద ఒకటిగా ఉన్నాయి.

ఇవన్నీ ధనవంతులకు గాని మాకెక్కడివి అనకండి. చలికాలంలో మన పట్టణాలలో రోడ్ల పక్కన టిబెట్టువారు, నేపాలువారు స్వెట్టర్లు అమ్ముతారు. బేరమాడితే మన చేతికి అందుతాయి. తెలంగాణ వైపు సంఘాలకు కూటములకు వెళ్ళినప్పుడు గొర్రెల కాపరుల గొంగడి చూశాము. నల్లగొర్రె ఉన్నితో నేసిన ఆ ముతక గొంగడిని తల మీదుగా కప్పుకొని వాళ్ళు చలిలో, చినుకులలో మంద వెంట తిరుగుతారు. చిన్న వాన దాని మీద నిలవదు, జారిపోతుంది. రాత్రికి అదే పక్క, అదే దుప్పటి.

వానకాలం సంగతి వేరు. గట్టు మీద గాలికి గొడుగు తిరగబడుతుంది. పొలంలో మనవాళ్ళు యూరియా బస్తాను మడిచి తలమీదుగా వేసుకొంటారు. మన్యంలో వెదురు బద్దలు, ఆకులతో అల్లిన గిడుగు తల మీద నుండి వీపు దాకా కప్పుతుంది; చేతులు ఖాళీగా ఉంటాయి, గాలి ఆడుతుంది. ప్లాస్టిక్ రెయిన్‌కోటులో గాలి ఆడదు. అది వేసుకొని ఎక్కితే బయట వానకు తడవకపోయినా లోపల చెమటకు తడుస్తాము. కాబట్టి మెడ దగ్గర బొత్తాలు వదులు చేసి నెమ్మదిగా ఎక్కాలి. జీన్సు పాంటు ఏ తడి కాలంలోనూ వద్దు. తడిస్తే బరువెక్కుతుంది, మరునాటికి గాని ఆరదు.

వేసవిలో వి.బి.ఎస్. పిల్లలను దగ్గరి గుట్టకు తీసుకువెళ్ళేటప్పుడు వదులుగా ఉండే లేతరంగు నూలు బట్టలు, పొడుగు చేతుల చొక్కాలు వేయిస్తాము. తలకు తుండుగుడ్డ తప్పనిసరి. దాన్ని నీళ్ళలో తడిపి కట్టుకొంటే మరీ మంచిది. 2015 మే నెలలో మన రెండు తెలుగు రాష్ట్రాలలో వడగాలులకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. అందుకే ఎండ ముదరకముందే దిగివస్తాము. అటువంటి వడగాలి రోజైతే అసలు వెళ్ళము. బట్ట ఎంత మంచిదైనా అన్ని వేళలా కాపాడదు.

కాళ్ళను మరువకండి. తడి బండ మీద హవాయి చెప్పులు జారుతాయి. కొత్త బూట్లు ఆ రోజే తొడిగితే బొబ్బలెక్కుతాయి. వారం ముందు నుండి తొడిగి తిరగాలి. ఒక జత మేజోళ్ళు అదనంగా ఉంచుకోవాలి.

ఆడపిల్లల విషయంలో మా సంఘంలో కొంత చర్చ జరిగింది. లంగా వోణీలతోనే రావాలని కొందరు పెద్దలు అన్నారు. తడిసిన పావడా కాళ్ళకు చుట్టుకొని ఒక అమ్మాయి పడబోవడం చూసిన మా ఇంట్లో అమ్మగారు మరుసటిసారి తానే పంజాబీ డ్రెస్సు వేసుకొని, చున్నీ నడుముకు బిగించి, బూట్లు తొడుక్కొని అందరికంటే ముందు నడిచింది. చర్చ అంతటితో ముగిసింది.

ఇప్పుడు మా మందిరపు వెనుక గదిలో ఒక ఇనుప పెట్టె ఉన్నది. అందులో స్వెట్టర్లు, టీషర్టులు, రెయిన్‌కోట్లు, మేజోళ్ళు ఉంటాయి. సంఘస్థులు తమకు బిగుతైనవి ఉతికి తెచ్చి అందులో వేస్తారు. బయలుదేరే ముందు రోజు సాయంత్రం "ఎవరికి లేదు?" అని మేము అడగము. ఉన్నవారికీ లేనివారికీ, డాక్టరుగారి కొడుక్కీ కూలివాని కొడుక్కీ, ప్రతి సంచిలోనూ ఒక స్వెట్టరు పెడతాము. పాలిథిన్ కవరులో మూతికట్టి ఒక పొడి చొక్కా పెడతాము. ఎవరిది ఏదో ఎవరికీ తెలియదు. తల్లిదండ్రులారా, మీ పిల్లలు బడి నుండో సంఘము నుండో కొండకు వెళుతుంటే డబ్బులు ఇచ్చి ఊరుకోకండి, సంచి విప్పి చూడండి. పక్కింటి పిల్లవాడి సంచి కూడా ఏదో వంకతో చూడండి.

ఆ కుర్రవాడు ఇప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి, మా యౌవన కూటమికి నాయకుడు. ప్రతి డిసెంబరులో ఒక కొత్త స్వెట్టరు తెచ్చి, ఎవరూ చూడకుండా ఆ పెట్టెలో వేసి వెళతాడు. మొన్నటి చలికాలం మళ్ళీ లంబసింగి వెళ్ళాము. పైకి చేరి పాటకు గొంతు సవరించుకొంటున్నాము. పొగమంచులో నుండి వాడి గొంతు వినబడింది: "అయ్యగారూ, పాట తరువాత. ముందు బనియను మార్చుకోండి."

మార్చుకొన్నాము.