నీళ్లు చూసొచ్చాను!

పోయిన ఏడాది మావారితో మూడు దేశాలు, మూణ్ణాలుగు రోజుల చొప్పున తిరిగొచ్చానండీ. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే కిష్టారెడ్డిపేట ఇల్లాలిని కదా, నా కళ్లు నీళ్లమీదే పడ్డాయి!

దుబాయిలో సముద్రపు నీళ్లలో ఉప్పు తీసేసి నల్లాల్లో ఇస్తారు. సింగపూర్‌లో వాన నీళ్లు కాలువల్లోంచి జలాశయాలకు చేరతాయి. వాడిన నీళ్లను కూడా 2003 నుంచి శుద్ధిచేసి మళ్లీ వాడుతున్నారు. ఇక పాటన్... మన పటాన్‌చెరు కాదండోయ్, నేపాల్‌లోది! అక్కడ క్రీ.శ. 570 నాటి మంగ హితి రాతి ధారల కింద ఇప్పటికీ నీళ్లు పట్టుకుంటున్నారు.

ఎడారిలోనే అంత జాగ్రత్త ఉంటే, ఏటా వాన పడే మనం డాబా మీది నీళ్లను మోరీపాలు చేయడమేమిటి? ఈసారి మా పెరట్లో ఇంకుడు గుంత తవ్విస్తున్నాం. మరి మీరో?