బావ షెడ్డులో రెండు స్తంభాలు

డాలస్ నుంచి ఉత్తరంగా ఫ్రిస్కో దాటి సెలైనా వైపు వెళ్తుంటే, కొత్త ఇళ్ల కోసం తవ్విపోసిన గుట్టల్లో నల్లమట్టి కనిపిస్తుంది. ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బి, చెప్పుకు అంటుకుంటే ఒక పట్టాన వదలని అచ్చమైన రేగడి. టెక్సాస్‌లో ఈ పట్టీని బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. నేలల శాస్త్రం లెక్కలో మన గుంటూరు పత్తి నేలలూ ఇదీ ఒకే కోవ, వర్టిసాల్స్. నేను చూడబోయేది కారును మనిషెత్తుకు లేపే యంత్రాన్ని. తీరా వెళ్లాక మేం ఎక్కువసేపు మాట్లాడుకున్నది ఈ మట్టి గురించి, దాని మీద పోసిన కాంక్రీటు గురించి.

బావ మా మేనత్త కొడుకు. చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మనసంతా ఇంజన్ల మీద. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ విజయవాడ ఆటోనగర్‌లో వాళ్ల బాబాయి షెడ్డులోనే. లారీ కింద గోనెసంచి పరుచుకుని గేరుబాక్సు దించడం చూస్తూ పెరిగాడు. యాభై దాటాక నడుము మొరాయించడంతో, పెరట్లోనే టూ-పోస్ట్, అంటే రెండు స్తంభాల లిఫ్టు పెట్టుకున్నాడు. కారు దిగీదిగగానే, "కాఫీ తర్వాత. ముందు గరాజ్ చూద్దువుగాని రా బావా" అన్నాడు. లిఫ్టు గరాజ్‌లో లేదు. ఎందుకు లేదో చూపించడానికే తీసుకెళ్లాడు.

గరాజ్ గుమ్మం దగ్గర, సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే గుద్దిన అచ్చు ఉంది. ఇది పోస్ట్-టెన్షన్ స్లాబు, కొయ్యవద్దు, రంధ్రాలు వెయ్యవద్దు అని దాని సారాంశం. రేగడి ఉబ్బినా కుంగినా ఇంటి అడుగు పగలకుండా ఉండేందుకు ఇక్కడ స్లాబులో ఉక్కు కేబుళ్లు పరిచి, కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని జాకీలతో లాగి బిగిస్తారు. అర అంగుళం మందమున్న ఒక్కో కేబులు మీద దాదాపు 30 వేల పౌండ్ల లాగుడు, అంటే 13 టన్నుల పైచిలుకు, ఇల్లు ఉన్నన్నాళ్లూ ఉంటుంది. డ్రిల్లు బిట్టు దాన్ని తెంపితే అది కాంక్రీటును చీల్చుకుని పైకి లేవచ్చు, స్లాబు అంచులోంచి బయటికి దూసుకురావచ్చు. దగ్గరున్న మనిషికి ప్రాణం మీదికొస్తుంది. ఇంటి పునాది కూడా ఆ మేరకు బలం కోల్పోతుంది. రాడార్‌తో స్కాన్ చేసి కేబుళ్లు ఎక్కడున్నాయో గీతలు గీసి చూపేవాళ్లు ఉన్నారు. బావ వాళ్లను పిలవలేదు. "కేబులు తప్పించుకున్నా ఈ స్లాబు మందం నాలుగంగుళాలే. పైన కారు, కింద నేను. ఎందుకొచ్చిన గొడవ?" అన్నాడు. పైగా గరాజ్ ఎత్తు తొమ్మిదడుగులు. పైన దూలం ఉండే రకం లిఫ్టుకే పదకొండు, పన్నెండు అడుగులు కావాలి.

దాంతో పెరట్లో వేరే ఇనుప షెడ్డు కట్టించాడు. అందుకు ఊరి అనుమతి, ఇళ్ల సంఘం అనుమతి, ఇంజనీరు గీసిన ప్లాను. నల్లమట్టి కొంత లోతు తీయించి, మంచి మట్టి నింపి, దిమ్మిస కొట్టించి, మామూలు ఇనుప చువ్వలతో ఆరంగుళాల స్లాబు పోయించాడు. స్తంభాలు నిలిచే చోట్ల మటుకు మందం ఒక అడుగు. 10 వేల పౌండ్లు, అంటే నాలుగున్నర టన్నులు లేపే లిఫ్టుకు తయారీదారులు సాధారణంగా అడిగేది నాలుగంగుళాలు, కాస్త పైన. బలం 3000 పీఎస్ఐ, మన ఎం-25 గ్రేడు దరిదాపు. పోశాక 28 రోజులు ఆగాలి. "వాళ్లు చెప్పేది కనీసం బావా. ఆపైన ఎంత వేసుకుంటే అంత నిద్ర" అన్నాడు. లిఫ్టు ఖరీదుకి ఎన్నో రెట్లు దాని కింది నేలకీ పైకప్పుకీ అయింది. ఆ లెక్క బావ భార్య, అంటే మా అక్కయ్య ముందు చెప్పొద్దని సైగ చేశాడు గానీ, ఆమెకు మా ఇద్దరికంటే బాగా తెలుసు.

నేల మీద ఇంత పట్టుదల ఎందుకో స్తంభాల దగ్గర నిలబడితే అర్థమవుతుంది. నాలుగు స్తంభాల లిఫ్టులో కారు తన చక్రాల మీదే నిలబడుతుంది. బరువు నాలుగు మూలలా నిటారుగా నేలకు దిగుతుంది. చాలావాటికి నేలలో బోల్టు కూడా అక్కర్లేదు. రెండు స్తంభాలదానిలో కారు బరువంతా లోపలికి చాచిన నాలుగు చేతుల చివర ఉంటుంది. నిండు బిందెను చంకన పెట్టుకోవడానికీ, చెయ్యి చాచి పట్టుకోవడానికీ భుజానికి తెలిసే తేడా ఇక్కడ స్తంభం అడుగుపలకకు తెలుస్తుంది. రెండు స్తంభాలూ లోపలికి వాలబోతాయి. వాటితోపాటు పలక బయటి అంచు నేల నుంచి లేవబోతుంది. దాన్ని పట్టి ఉంచేవి ఆ వైపు యాంకర్ బోల్టులు, వాటిని పట్టి ఉంచేది కాంక్రీటు. పైన అడ్డంగా ఉన్న దూలమే అంతా మోస్తోందని చూడ్డానికొచ్చిన వాళ్లు అనుకుంటారట. అందులోంచి వెళ్లేవి హైడ్రాలిక్ గొట్టం, రెండు వైపులనూ సమంగా లేపే ఇనుప తాళ్లు. నేల గుల్లదైతే ఆ దూలం చేసేదేమీ లేదు.

బిగించిన కథ బావ చాలాసేపు చెప్పాడు. సరుకు ముప్పాతిక టన్ను. ట్రక్కు నుంచి దించడానికి ఫోర్క్‌లిఫ్టు, స్తంభాలు నిలబెట్టడానికి ఇంజన్ హాయిస్టు అద్దెకు తెచ్చాడు. పక్క వీధిలో ఉండే రిటైరైన మెకానిక్ సాయం వచ్చాడు. నేల మీద సుద్దదారంతో గీతలు కొట్టి, ఒక మూల నుంచి ఎదురు మూలకు రెండు వైపులా కొలిచి, ఆ రెండు కొలతలూ కలిసేదాకా డ్రిల్లు ముట్టుకోలేదు. ముక్కాలంగుళం బోల్టులకు ముక్కాలంగుళం బిట్టే వాడాలి. రంధ్రం ఏ మాత్రం వెడల్పయినా బోల్టు పట్టదు. రంధ్రంలో దుమ్ము పీల్చెయ్యాలి, లేకపోతే దుమ్మే బోల్టుకు పరుపవుతుంది. స్తంభం నిటారుగా రాకపోతే పలక కింద దానికని చేసిన ఉక్కు రేకులే దూర్చాలి. దొరికిన వాషర్లు పేర్చడం పనికిరాదు. చివరికి టార్క్ రెంచితో, పుస్తకంలో రాసిన అంకె దాకా బిగించాలి.

అక్కడే ఒక బోల్టు మొండికేసింది. బిగిస్తున్నకొద్దీ తిరుగుతోందే గానీ రెంచి టక్కుమనలేదు. మిగతావన్నీ గట్టిగా ఉన్నాయి, ఒక్కటే కదా, వదిలేద్దామన్నాడట సాయం వచ్చిన పెద్దాయన. బావ ఒప్పుకోలేదు. తయారీదారును అడిగి, వాళ్లు సరేనన్న రసాయన జిగురు యాంకర్ పెట్టించాడు. ఆ ఒక్కదానికోసం లిఫ్టు కొన్ని వారాలు ఖాళీగా నిలబడింది. నన్నడిగితే ఆ షెడ్డు మొత్తంలో బావ చేసిన మంచి పని అదే. కరెంటు కూడా సొంతంగా కెలక్కుండా, 240 వోల్టుల ప్రత్యేక లైను లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత వేయించాడు. కొన్నాళ్లు వాడాక బోల్టులన్నీ మళ్లీ టార్క్ రెంచితో చూసుకున్నాడు.

స్తంభం మీద బంగారు రంగు లేబులు ఒకటి చూపించాడు. ఆటోమోటివ్ లిఫ్ట్ ఇన్‌స్టిట్యూట్ అని 1945లో పుట్టిన తయారీదారుల సంఘం ఉంది. బయటి ప్రయోగశాల పరీక్షించి సరేనన్న మోడళ్లకే ఆ లేబులు దక్కుతుంది. చవకగా దొరికే లిఫ్టులు చూపుకు అచ్చం ఇలాగే ఉంటాయి, రంగు కూడా ఇంతకంటే మెరుస్తుంది. తేడా వెల్డింగులో, తాళాల్లో, పరీక్షల కాగితాల్లో ఉంటుంది. ఏడాదికోసారైనా అర్హుడైన తనిఖీదారు చేత చూపించుకోవాలని అమెరికా ప్రమాణం. వర్క్‌షాపుల సంగతి సరే, ఇంటికొచ్చి అడిగేవాడెవడూ ఉండడు. బావ మాత్రం డబ్బిచ్చి పిలిపిస్తాడు. అన్నట్టు ఈ లిఫ్టుల వంశానికి మూలపురుషుడు మెంఫిస్ ఊరి మెకానిక్ పీటర్ లునాటి. మంగలి కుర్చీ పైకి లేవడం చూసి, 1925 ప్రాంతంలో నేలలోంచి లేచే ఒంటి కంబం హైడ్రాలిక్ లిఫ్టు చేశాడు. అంతకుముందు మెకానిక్‌కు గుంతే గతి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, వెళ్లి గుంతలోనే కూర్చుంటుంది.

కాఫీ అయ్యాక అక్కయ్య టయోటా సియెన్నాకు ఆయిలు మార్చే కార్యక్రమం. "చూస్తుండు తమ్ముడూ, నా బండిని గాల్లో పెట్టాకే మీ బావకు ఫిల్టరు కొనలేదని గుర్తొస్తుంది" అంది ఆమె. పిల్లల్ని పసుపు గీత అవతలికి పంపి, కారులో ఎవరూ లేరని చూసి పని మొదలుపెట్టాడు. ఈ లిఫ్టు స్తంభాలు కాస్త ఓరగా తిరిగి ఉంటాయి. ముందు చేతులు పొట్టి, వెనక చేతులు పొడుగు. ముందు ఇంజన్ ఉండే కార్ల గరిమనాభి స్తంభాల వరసకు రావడానికీ, తలుపులు స్తంభాలకు తగలకుండా తెరుచుకోవడానికీ ఈ ఏర్పాటు. చేతుల చివర రబ్బరు దిమ్మలు ఎక్కడ ఆనాలో కారు పుస్తకం చూసి పెట్టాడు. ఏదో గట్టి ఇనుము కనిపించింది కదాని అక్కడ ఆనించడం కుదరదు. పది వేల పౌండ్ల లిఫ్టులో ఒక్కో చేతి వాటా రెండున్నర వేలే. మొత్తం బరువు లోపలే ఉన్నా, ఇంజన్ బరువైన ట్రక్కుకు ముందు చేతుల వాటా దాటిపోవచ్చు.

చక్రాలు నేల విడిచీ విడవగానే ఆపేశాడు. నాలుగు దిమ్మలూ వంగి చూశాడు. బంపరు పట్టుకుని కారును ఊపాడు. ఊపినప్పుడు ఏదైనా జారితే ఈ ఎత్తులోనే జారాలి. తృప్తిపడ్డాకే పైకి. రెండు స్తంభాల్లోనూ తాళాలు టక్, టక్ అంటూ పడుతూ వచ్చాయి. కావలసిన ఎత్తుకు చేరాక కొద్దిగా కిందికి దించి, బరువు తాళాల మీద కూర్చోబెట్టాడు. ఈ మెట్టును బద్ధకించి వదిలేసేవాళ్లు చాలామంది. అప్పుడు కారును మోసేది సీళ్లు, గొట్టాలు, నూనె. తాళం మీద కూర్చుంటే మోసేది ఉక్కు. చేతులు పక్కకు తిరగకుండా పట్టే పళ్ల చక్రాలు పడ్డాయో లేదో కూడా లాగి చూశాకే కిందికి వెళ్లాడు.

ఆయిలు మార్చడంలో పెద్ద ప్రమాదం లేదు. ఇంజనో వెనక యాక్సిలో దించేస్తే కారు గరిమనాభి మారుతుంది, రెండోవైపు ఒరుగుతుంది. అలాంటప్పుడు పొడవాటి స్టాండ్లు ముందే పెట్టుకోవాలి. తుప్పుపట్టిన బోల్టును పెద్ద రాడ్డుతో గుంజినా కారు ఊగుతుంది. ఎలక్ట్రిక్ కార్ల కింద బ్యాటరీ పరుచుకుని ఉంటుంది కాబట్టి, స్నేహితుడి టెస్లా వచ్చినప్పుడు ఆనించే చోటున్న రంధ్రాల్లో సరిపడే రబ్బరు బిళ్లలు పెట్టి లేపాడట. దించేటప్పుడు ముందు కాస్త పైకి లేపాలి, అప్పుడే తాళాలు వదులవుతాయి. రెండూ వదిలాయో లేదో కళ్లతో చూడాలి. ఒక వైపు తాళం మీదే ఉండి రెండో వైపు దిగితే కారు ఒరుగుతుంది. కారు జారుతున్నట్టనిపిస్తే ఏం చేస్తావని అడిగాను. "పరిగెత్తుతా. పట్టుకోబోయేవాడు కారు కింద దొరుకుతాడు" అన్నాడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కారు కిందికి వెళ్లకూడదన్నది అక్కయ్య పెట్టిన నియమం. దాన్ని మాత్రం తప్పడట.

ఫిల్టరు ఉంది, ఆమె పందెం ఓడింది.

ఏడాదికి రెండుసార్లు ఆయిలు మార్చుకునేవాడికి ఇదంతా దండగ. ర్యాంపులు, మంచి జాకీ స్టాండ్లు చాలు. బావే ఈ మాట అన్నాడు, నేనూ ఒప్పుకుంటాను. నిజంగా అవసరమై కొనేవాళ్లు లిఫ్టు బొమ్మలు చూసేముందు నేల చూసుకోండి. అమెరికాలో ఉంటే మీది పోస్ట్-టెన్షన్ స్లాబేమో ఇంటి కాగితాల్లో వెతకండి. అచ్చు కనిపించనంత మాత్రాన కాదనుకోవద్దు. మన ఊళ్లలోనైతే పార్కింగులో టైల్సు కింద చాలాచోట్ల ఉండేది పల్చటి బెడ్డు కాంక్రీటే. దాంట్లో యాంకర్ బిగించవద్దు. కొత్తగా కట్టుకుంటున్నవాళ్లు పునాది దశలోనే ఇంజనీరుకు లిఫ్టు పుస్తకం చూపించి, స్తంభాల చోట మందం వేయించుకోండి. అదేదీ కుదరకపోతే, బోల్టు అక్కర్లేని నాలుగు స్తంభాల లిఫ్టు కొనుక్కోండి.