‘గట్ల’ అన్న మాట

మా అవ్వ నన్ను పెంచిన తీరులో ఆజ్ఞలే తప్ప కారణాలు లేవు. పిండి గిర్నికి ఒక్కదానివే పోవద్దు. చుట్టాలింట్ల పండుకోవద్దు. పెండ్లిళ్లకు పోతే రాత్రిపూట నా కొంగు ఇడువొద్దు. ఎవ్వరు పైసలిచ్చినా తీసుకోవద్దు, మామ అయినా తాత అయినా సరే. ఎందుకవ్వా అని అడిగితే ‘అడుగొద్దన్న గదా’ అనేది. 1998లో, పదేండ్లప్పుడు, నన్ను ఐదో తరగతికి సాంఘిక సంక్షేమ గురుకులంలో వేసి వచ్చింది. వాడకట్టు ఆడోళ్లంతా ‘ఏం తల్లిరా ఇది, కన్నబిడ్డను ఇల్లెల్లగొట్టింది’ అన్నారు. నేనూ అట్లనే అనుకొని ఏడ్చాను. తర్వాత మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదయింది, మొదటి సర్కారు కొలువు నాదయింది. అప్పుడు అందరూ అవ్వ ముందుచూపును పొగిడారు. ఆమెకు చదువు మీద ఆశ ఎంత ఉండెనో ఇంటి మీద భయం అంతకు రెండింతలు ఉండెనని నాకు ముప్పై ఏండ్లు వచ్చేదాకా తెల్వదు.

మన ఆకలి గురించి రాసుకున్నాం. రెండు గ్లాసుల గురించి, వెట్టి గురించి రాసుకున్నాం. 1985 కారంచేడు గురించి, 1991 చుండూరు గురించి రాసుకున్నాం. అవన్నీ రాయవలసినవే, ఇంకా రాయవలసినవే. మన ఇండ్ల లోపల పిల్లల మీద జరిగేది రాయాలంటే మాత్రం చెయ్యి ఆగుతుంది. ‘వాళ్ల బతుకులే అంత’ అనడానికి కాచుక్కూర్చున్న వాళ్లకు మనమే మాట అందించినట్టవుతుందని భయం. ఆ భయం నాకూ ఉంది. అందుకే ముందు అవ్వను అడిగాను. ‘రాయి బిడ్డా. పేర్లు రాయకు’ అన్నది. కాబట్టి ఇందులో పేర్లు లేవు, ఊరు లేదు.

2018లో, పెండ్లయిన ఐదేండ్లకు, నేను కడుపుతో ఉన్నాను. ఏడో నెల. అవ్వ నా దగ్గర ఉండడానికి వచ్చింది. ఆ రోజుల్లోనే ఒక పిల్ల సంగతి నా దాకా వచ్చింది. ఆ పిల్ల ఎవరో, ఏ తరగతో చెప్పను. చేసినవాడు బయటివాడు కాదు, అంతమటుకే చెప్తాను. పోక్సో చట్టం 2012 నవంబర్ 14 నుంచి అమల్లో ఉంది. దాని 19వ సెక్షన్ ప్రకారం ఇట్లాంటి సంగతి తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద అదే ఒక నేరం. నేను చెప్పాను. పొద్దుగూకినంక ఇంటికి వచ్చి కూలబడితే అవ్వ నీళ్లిచ్చి, ఇంత ఆలస్యమెందుకైందని అడిగింది. పిల్ల పేరు తీయకుండా సంగతి చెప్పాను. అవ్వ ‘ఎవడు వాడు’ అని అడగలే. ‘పోలీసులేమన్నరు’ అని అడగలే. ఆమె అడిగింది ఒక్కటే:

‘వాళ్లవ్వ ఆ పిల్లను కొట్టిందా?’

‘లేదవ్వా. పక్కనే కూసున్నది, చెయ్యి పట్టుకొని.’

అవ్వ చాలాసేపు ఏం మాట్లాడలే. చేటలో బియ్యం ఏరుతూ, నా దిక్కు చూడకుండా చెప్పడం మొదలుపెట్టింది.

వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. ఆ మరుసటేడు, 1977లో, తొమ్మిదేండ్ల మా అవ్వను పటేలింట్ల జీతానికి పెట్టారు. తాత రోగానికి తెచ్చిన మూడు వందల అప్పు కింద. పెండ తీసుడు, కొట్టం ఊడ్చుడు, బర్లకు నీళ్లు పెట్టుడు ఆమె పని. గడప తొక్కనియ్యని ఇల్లు అది. నీళ్లడిగితే దోసిట్లో ఎత్తి పోసే ఇల్లు. కొట్టంలో మాత్రం ఆ ఇంటి పెద్దకొడుకుకు అంటు అడ్డం రాలేదు.

‘గట్ల చేసిండు బిడ్డా. ఉరికొచ్చి మా అవ్వకు చెప్పిన. చీపురు తిరగేసి కొట్టింది. నోట్లె కొంగు కుక్కి, ఎవ్వరికన్న చెప్తివా సంపుత అన్నది. తెల్లారి మళ్ల ఆడికే తోలింది.’

అప్పు తీరిందని పటేలు ఒప్పుకునేదాకా పద్నాలుగు నెలలు అవ్వ ఆ కొట్టానికి పోయింది.

ఇంతవరకైతే ఈ కథ మనకు తెలిసిన కథే. దొర, కొట్టం, మాదిగ పిల్ల. సభల్లో చెప్తే జనం పిడికిలి బిగిస్తారు. అవ్వ అక్కడ ఆగలేదు. చేట పక్కన పెట్టి రెండోది చెప్పింది. పన్నెండేండ్లప్పుడు, జీతం నుంచి ఇంటికి వచ్చినంక, సొంత మేనమామ. అమ్మమ్మకు స్వయానా తమ్ముడు. మా ఇంట్లోనే ఉండి చదువుకున్నవాడు.

‘మరి అప్పుడెవరికీ చెప్పలేదా అవ్వా?’

‘మొదలు చెప్తే ఏమైందో సూసిన గద. మళ్ల ఎవరికి చెప్పాలె?’

మేనమామ అంటే మన ఇండ్లలో ఎంత చనువో మీకు తెలుసు. ‘పెండ్లాం అయితవా’ అని ఒళ్లో కూర్చోబెట్టుకుంటాడు, గిచ్చుతాడు, అందరూ నవ్వుతారు. పిల్ల విదిలించుకుంటే ఇంకా నవ్వుతారు. ‘మేనమామ గాదె, ముట్టుకుంటే ఏం పోతది’ అంటారు. వరస ఉన్నది కాబట్టి సరసం చెల్లుతుంది. ఆ సరసం చాటున ఏం జరిగినా పిల్ల చెప్పుకోవడానికి చోటుండదు. ఏడ్చినా అది వేళాకోళంలో భాగమే అనుకుంటారు.

ఆ మేనమామ నాకు తాత వరస. మా వాడకు ఆయన పెద్ద దిక్కు. ఇండ్ల జాగల కోసం అర్జీలు రాసిండు. తహసీల్దారు ముందు కుర్చీ లాక్కొని కూర్చున్న మొదటి మనిషి. అంబేడ్కర్ విగ్రహం పెట్టించిన నలుగురిలో ఒకడు. శిలాఫలకం మీద పేరున్నది. నేను గురుకులంలో ఉన్నప్పుడు పుస్తకాలకని పైసలు పంపిస్తే అవ్వ తిప్పి పంపింది. ‘పొగరు’ అన్నారు. 2009లో ఆయన పోయినప్పుడు మూడూర్ల జనం వచ్చారు, డప్పులు మోగాయి. అవ్వ శవం దగ్గర కూర్చుంది గాని కంటినీరు పెట్టలే. ‘రాతి గుండె’ అన్నారు. నేనూ అక్కడే ఉన్నాను. నా చిన్నప్పటి ఆజ్ఞలన్నీ ఆ ఒక్క మనిషి చుట్టూ వేసిన కంచె అని తొమ్మిదేండ్ల తర్వాత గాని అర్థం కాలే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. కడుపులో బిడ్డ తిరుగుతున్నది. పెండ్లయినంక ఐదేండ్లు పిల్లలు వద్దని వాయిదా వేశాను. బదిలీ అన్నాను, లోను అన్నాను. అత్తగారు గుళ్ల చుట్టూ తిరిగింది. అసలు కారణం నాకే తెలియదు. ఎవరన్నా చిన్నపిల్లను ఎత్తుకొని ముద్దాడితే నా ఒళ్లు బిగుసుకుపోయేది, అంతే. మా తాత ముత్తాతల నుంచి మాకు గుంట భూమి రాలేదు గాని ఈ భయం మాత్రం భాగాలు పెట్టకుండా అంతా నాకే వచ్చింది. ఆడపిల్ల పుడితే కాపాడగలనా అని ఒక భయం. మగపిల్లాడు పుడితే వాడు రేపు ఎట్లా తయారవుతాడో అని ఇంకో భయం. అన్నిటికంటే పెద్దది, నా బిడ్డ వచ్చి చెప్పిన రోజు నా చెయ్యి చీపురు మీదికి పోతుందేమో అన్నది. అమ్మమ్మ చెడ్డది కాదు. నాకు గోరుముద్దలు తినిపించిన చెయ్యి అది. ఆ చెయ్యే అట్ల లేచిందంటే నా చెయ్యి మీద నాకేం నమ్మకం?

అమ్మమ్మ గురించి చాలా ఆలోచించాను. ఆమెకు ఇంకా నలుగురు పిల్లలు. మంచంలో మొగడు. పటేలు మీద నోరెత్తితే మర్నాటి గింజలు లేవు, ఉన్న గుడిసె ఉండదు. పోలీసు వచ్చినా పటేలింట్లోనే తిని పోయే కాలం. పిల్ల నోరు మూయించడమే పిల్లను బతికించుకోవడం అనుకుంది. ఆ చీపురు వెనుక ఉన్నది పటేలు చెయ్యి. ఇది కులం చేసిన పని అని ఏ సభలోనైనా అంటాను. రెండోదాన్ని మాత్రం కులం మీదికి నెట్టను. మేనమామ చెయ్యి మేనమామదే. దొర కోసం మనం నేర్చుకున్న మౌనం ఆయనకు తయారుగా దొరికింది, దాని చాటున దాక్కున్నాడు. దొరలు పోయారు, పట్నాల్లో ఇండ్లు కట్టుకున్నారు. మౌనం మాత్రం మన ఇంట్లోనే ఉండిపోయింది.

నేను ఫిర్యాదు ఇచ్చినంక పెద్దమనుషులు ఇంటికి వచ్చారు. ‘మనోడ్ని మనమే ఠాణాల అప్పజెప్తమా టీచరమ్మా? ఆడ మనోళ్లకు ఏం మర్యాద జరుగుతదో నీకు తెల్వదా?’ అన్నారు. నాకు తెలుసు. వాళ్ల భయం అబద్ధం కాదు. చెయ్యని దొంగతనాలకు మన పిల్లగాళ్లు లాకప్పుల్లో తన్నులు తిన్న ఊర్లు మనవి. అందుకే వాళ్లను తిట్టలేదు. ‘వాడు మనోడైతే మరి ఆ పిల్ల ఎవరిది?’ అని అడిగాను. ఎవరూ జవాబు చెప్పలే. ఒక ముసలామె మాత్రం పోతూ పోతూ నా తల నిమిరి పోయింది. ఆమె కథ ఏమిటో నేను అడగలేదు.

మనల్ని చూసి నవ్వేవాళ్లకు ఒక మాట. కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో ఒక అధ్యయనం అచ్చువేసింది. 13 రాష్ట్రాల్లో, అప్పటి మన ఆంధ్రప్రదేశ్‌తో కలిపి, 12,447 మంది పిల్లలను అడిగారు. 53.22 శాతం మంది ఏదో ఒక రకం లైంగిక వేధింపుకు గురయ్యామన్నారు. వాళ్లలో సగానికి పైగా మగపిల్లలే. చేసినవాళ్లలో సగం మంది పిల్లలు ఎరిగినవాళ్లు, నమ్మినవాళ్లు. ఇది ఒక్క వాడ సంగతి కాదు. ఎత్తు గోడల ఇండ్లలోనూ ఉంది. వాళ్లకు దాచుకోవడానికి గోడలున్నాయి, మనకు అవి కూడా లేవు. ఒక గుడిసెలో ఏడుగురం పండుకొని కూడా మనం దాచగలిగామంటే అది ఎంత గట్టి మౌనమో చూడండి.

ఇప్పుడు ఆ ‘గట్ల’ అన్న మాట సంగతి. నలభై ఏండ్లు దాచి చెప్పిన రోజు కూడా అవ్వ దగ్గర ఉన్న మాట అదొక్కటే. ఎందుకంటే వేరే మాట ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. మన ఇండ్లలో ఒంట్లోని ఆ తావుల పేర్లు తిట్లలోనే వినిపిస్తాయి. బడి పుస్తకంలో ‘జననాంగాలు’ అని ఉంటుంది. తిట్టు మాట పిల్ల నోట వస్తే చెంప పగులుతుంది. పుస్తకం మాట పిల్లకు నోరు తిరగదు. మధ్యలో మిగిలేది ‘గట్ల’. ఆ మాటను పోలీసు కాగితం మీద రాసుకోలేడు, కోర్టు అర్థం చేసుకోలేదు. పిల్ల వాంగ్మూలాన్ని ఆమె ఇంట్లోనో, ఆమె కోరిన చోటనో, వీలైనంతవరకు మహిళా ఎస్సై యూనిఫాం లేకుండా తీసుకోవాలని పోక్సో 24వ సెక్షన్ చెబుతుంది. మంచి చట్టమే. చట్టం యూనిఫాం విప్పించగలదు. పిల్ల నోట్లో మాట పెట్టాల్సింది మాత్రం మనమే.

నాకు ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు బడికి పోతున్నది. స్నానం చేయించేటప్పుడు చెయ్యి, కాలు, ముక్కు అని చెప్పినట్టే ఛాతి, పిర్రలు, ఉచ్చ పోసుకునే తావు అని చెప్పాను. గుసగుసగా కాదు, మామూలు గొంతుతో. ఎవరు ముట్టుకోవచ్చు, ఎవరు ముట్టుకోవద్దు, ఎందుకు అన్నది కూడా చెప్పాను. మామ ఒళ్లో కూర్చోవడం ఇష్టం లేకపోతే దిగి రావచ్చని చెప్పాను. చుట్టాలు ముఖం మాడ్చుకున్నారు, మాడ్చుకోనీ. నా తరగతిలో మగపిల్లలకు, ఆడపిల్లలకు కలిపే ఈ పాఠం చెప్తున్నాను. 1098 నంబరు నల్లబల్ల మూలన ఎప్పుడూ ఉంటుంది. నా భయం పోయిందని అనను. ఇప్పుడు దానికి కారణం తెలుసు, పేరు తెలుసు. పేరు తెలిసిన భయంతో బిడ్డను పెంచవచ్చు.

1942 జూలై 20న నాగపూర్‌లో దళిత మహిళల సభలో బాబాసాహెబ్ ఒక జాతి ఎంత ముందుకు పోయిందో దాని స్త్రీలు సాధించిన ప్రగతితోనే కొలుస్తానన్నాడు. ఆ మాటను మనం ప్రతి ఏప్రిల్ 14న మైకులో చెప్పుకుంటాం. చదువుకుంటున్న చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, ఆ కొలబద్దను ఇంటి లోపలికి కూడా తీసుకురండి. పటేలు కొట్టాన్ని కొలిచిన కర్రతోనే మన మేనమామలనూ, పెద్దమనుషులనూ కొలవండి. ఉద్యమం దీనివల్ల పలచబడదు. మా అవ్వలాంటి వాళ్లు నోరు మూసుకొని మోసిన ఉద్యమమే ఇప్పటిదాకా నడిచింది. వాళ్లు నోరు తెరిస్తే అది ఇంకా గట్టిపడుతుంది.

మా వాడ విగ్రహం కింద శిలాఫలకం మీద ఆ పేరు ఇప్పటికీ ఉన్నది. దాన్ని చెక్కేయమని నేను అడగడం లేదు. అర్జీలు రాసింది నిజం, జాగలు ఇప్పించింది నిజం, అవ్వకు చేసిందీ నిజం. నేను అడిగేది వేరే. మన వాడల్లో ఏ పిల్లయినా వచ్చి ‘గట్ల చేసిండు’ అన్ననాడు, ‘గట్ల అంటే ఏంది బిడ్డా, కూసో, చెప్పు’ అని పక్కన చోటిచ్చే మనిషి ఇంటికొక్కరన్నా కావాలె.