రాబర్ట్ తోబుట్టువులు

మన సినిమాల్లో అన్నదమ్ములు విడిపోవడానికి ఒక రీలు చాలు. కలుసుకోవడానికి మాత్రం మిగిలిన రీళ్లన్నీ కావాలి! 1973లో హిందీలో వచ్చిన ‘యాదోం కీ బారాత్’ 1975లో మనకు ‘అన్నదమ్ముల అనుబంధం’ అయింది. ఎన్.టి.రామారావు, మురళీమోహన్, బాలకృష్ణలను చివరికి ఒకచోట చేర్చింది చిన్ననాటి పాట. ‘అమర్ అక్బర్ ఆంథోనీ’ 1980లో ‘రామ్ రాబర్ట్ రహీమ్’గా వచ్చింది. అందులోనూ చెల్లాచెదురైన ముగ్గురు అన్నదమ్ములే.

మా ఇంట్లోనూ ఒక రాబర్ట్ ఉన్నాడు. నాలుగు కాళ్లు, ఒక వంకర తోక. పేరు పెట్టింది దుబాయిలో ఉన్న మా తమ్ముడు, అదీ ఫోనులో! ఆ పేరు అవ్వకు నోరు తిరగదు. ‘రాపట్’ అంటుంది. వాడు దానికీ పలుకుతాడు.

మాది ధర్మపురి. గోదావరి ఇక్కడ దక్షిణంగా మళ్లి పారుతుంది. నరసింహస్వామితో పాటు యమధర్మరాజుకూ గుడి ఉన్న ఊరు. ధర్మపురికి వచ్చినవారికి యమపురి భయం లేదని మా వైపు నానుడి. గుడి దారిలో ఒక కొబ్బరికాయల అంగడి బల్లకింద నాలుగు పిల్లలు పుట్టాయి. ఒకటి ఎవరిదో పొలం కాడికి పోయింది. రెండు తల్లి దగ్గరే ఉండిపోయాయి. రెండు నెలలు నిండిన నాలుగోదాన్ని నేను సంచిలో వేసుకొచ్చాను.

ఆచారం గల ఇల్లు. “కుక్క గడప తొక్కొద్దు” అంది అవ్వ. బాపు పోయి అప్పటికి నాలుగు నెలలే. అవ్వ వేళకు తినడం మానేసింది. ఎవరేం చెప్పినా “ఆకలైతలేదు బిడ్డా” అనేది. రాబర్ట్‌కు ఆ మాట అర్థం కాదు కదా! పొద్దున్నే గడప అవతల కూచుని మొదలుపెట్టేవాడు. తన కోసం పొయ్యి ముట్టించని మనిషి వాడి కోసం అన్నం వండింది. వండినాక రెండు ముద్దలు తనూ తిన్నది. అలా అలా వాడు వాకిట్లోంచి వరండాలోకి, వరండాలోంచి అవ్వ మంచం కిందికి వచ్చేశాడు. ఆచారం ఏమైందని అడిగితే, “ధర్మరాజు వెంట స్వర్గం దాకా నడిచింది కుక్కే గద! ఆ కుక్క యమధర్మరాజే అన్నరు” అని నన్నే దబాయించింది.

రెండేళ్లు గడిచాయి. కార్తీక శుద్ధ విదియ వచ్చింది. దాన్నే యమద్వితీయ అంటారు. యముడూ యమునా కవలలు. ఆనాడు యముడు చెల్లెలి ఇంటికి వెళ్లి ఆమె చేతి వంట తిన్నాడట. అందుకే అది భగినీహస్త భోజనం రోజు. మా అక్క ఇల్లు ఈ ఊళ్లోనే. ఏటా నాకు విస్తరి వేస్తుంది. తమ్ముడికి ఫోనులో చూపిస్తుంది.

ముందు గోదావరి స్నానానికని అవ్వా నేనూ బయలుదేరాం. రాబర్ట్‌ను కూడా వెంట పట్టుకున్నాను. చిన్న ఊరే గానీ, వీధికో కుక్కల రాజ్యం. వాడు మా వాడ దాటి అటు వెళ్లడం అదే మొదలు.

అంగడి ముందు రెండు కుక్కలు లేచాయి. అవే వంకర తోకలు! ఆడించుకుంటూ ఎదురొచ్చి వాసన చూశాయి. మావాడు మాత్రం వెంట్రుకలు నిక్కబొడుచుకుని గుర్రుమన్నాడు. ఏ పాటా వినిపించలేదు సుమండీ! ఇంతలో బల్లకింది నుంచి ముసలి తల్లి మెల్లగా వచ్చింది. అంతే, గుర్రు ఆగిపోయింది. చెవులు వెనక్కి వాల్చి, నేలకు కరుచుకుపోయి, దాని మూతి నాకాడు.

అవ్వ చాలాసేపు చూసింది. “తల్లి వాసన మర్వలే బిడ్డా. తోడబుట్టినోళ్లనే మర్సిండు. ఆ రెండూ కల్సి ఉన్నయి, వాటికి యాదుంది. వీడు ఒక్కడే పెరిగె. ఎట్ల యాదుంటది?”

చిత్రమేమిటంటే, పీటర్ హెప్పర్ అనే శాస్త్రజ్ఞుడు 1994లో ప్రకటించిన పరిశోధన కూడా ఇదే చెప్పింది. విడదీసి రెండేళ్లయినా తల్లీ పిల్లలూ ఒకరి వాసన ఒకరు పోల్చుకున్నారు. తోబుట్టువుల సంగతి వేరు. ఒక్క తోబుట్టువుతోనైనా కలిసి బతుకుతున్నవే మిగతావాటిని పోల్చుకున్నాయి. ఒంటరిగా పెరిగినవి పోల్చుకోలేదు. అవ్వ ఆ పరిశోధన చదవలేదు. ముగ్గురు బిడ్డలను కన్నది, అంతే!

ఆమె మాటలు కుక్కల గురించే కావని నాకు తెలుసు. అక్కా నేనూ ఒకే ఊళ్లో ఉన్నాం. తమ్ముడు బాపు దినాలకు వచ్చి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. వాడి కొడుకు దుబాయిలోనే పుట్టాడు. నా పిల్లలకు వాడు ఫోనులో కనిపించే బొమ్మ. పాలివాళ్లన్న పేరు ఉంటే చాలదు. ఒక కంచంలో తిని, ఒక చాప మీద పడుకుని, రెండు రోజులు కొట్టుకుని మళ్లీ ఆడుకోవాలి. ఆ వాసన అంటుకుంటేనే తర్వాత యాది.

మధ్యాహ్నం అక్క వడ్డిస్తుంటే తమ్ముడు ఫోనులోకి వచ్చాడు. అవ్వ ఫోను లాక్కుంది.

“ఎండకాలం పోరన్ని తోల్కరా. నెల దినాలు మా కాడ ఉంచు.”

“సెలవు దొరకాలె గదనే అవ్వా...” అని నసిగాడు. కాసేపాగి, “రాబర్ట్ నన్ను గుర్తుపడ్తడా?” అన్నాడు.

“ముందుగాల మొరుగుతడు. తర్వాత వాసన చూస్తడు. నువ్వయితే రా” అంది అవ్వ.




తమ్ముడు జవాబు చెప్పలేదు. కానీ రాత్రి పడుకోబోతుంటే ఫోను మోగింది. ధర్మపురిలో వేసవికి ఎండలెట్లా ఉంటాయని మరదలు అడుగుతోంది.