ఎర్రబారిన ఆకాశం: ఆత్రేయపురం నుంచి టెక్సాస్ దాకా

రాత్రివేళ ఆకాశపు అంచున కారణం తెలియని వెలుగు కనిపించినప్పుడు, చూసేవారి మనసు దానికి మొదట పెట్టే పేరు చాలావరకు వారు పుట్టి పెరిగిన నేలను బట్టే ఉంటుంది. కోనసీమ నుంచి వెళ్లి విదేశాల్లో స్థిరపడినవారిలో, ముఖ్యంగా 1995 నాటికి ఊహ తెలిసిన తరంలో, ఎర్రని ఆకాశం వింతగా కాక ముప్పుగా తోచడానికి తగిన చరిత్రే ఉంది. ఆ ఏడాది జనవరి 8న మామిడికుదురు సమీపంలోని పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ తవ్వుతున్న 19వ నంబరు బావి నుంచి సహజవాయువు అదుపు తప్పి ఎగదన్ని అంటుకుంది. భూగర్భంలోని వాయుపీడనాన్ని బావిలో నింపిన బురద ద్రవం అణచి ఉంచలేకపోయినప్పుడు జరిగే ఇటువంటి ప్రమాదాన్ని చమురు పరిశ్రమ ‘బ్లోఅవుట్’ అంటుంది. ఆనాటి నుంచి కోనసీమ ఇళ్లలోనూ అదే మాట నిలిచిపోయింది. చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించి, విదేశాల నుంచి నిపుణులను రప్పించినా, మంట మార్చి 15 దాకా, అంటే రెండు నెలలకు పైగా ఆరలేదు.

ఈ సందర్భంలో ఆత్రేయపురాన్ని ప్రస్తావించడం కొందరికి వింతగా అనిపించవచ్చు, ఎందుకంటే ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన, లొల్ల లాకులకు చేరువలో ఉన్న ఈ ఊరి పేరు వినగానే ఎవరికైనా గుర్తొచ్చేది పూతరేకులే తప్ప ఆకాశం కాదు. అయితే ఇక్కడ ముఖ్యమైనది దూరం. పాశర్లపూడికి ఉత్తర వాయవ్యంగా ఆత్రేయపురం దాదాపు 40 కిలోమీటర్ల ఎడంగా ఉంది; అంత దూరాన ఉన్న దేన్నైనా నేల మీద నిలబడి చూస్తే, భూమి వంపు కారణంగా దాని అడుగుభాగం సుమారు వంద మీటర్ల మేర చూపుకు అందదు, మిగిలినదానికి కొబ్బరితోటలు అడ్డం వస్తాయి. కనుక అంత దూరం నుంచి చూసేవారి కంటికి చేరేది మంట కాదు, మంట వెలుగును తిరగగొట్టే మబ్బు, పొగ, గాలిలోని తేమ. మూలం కనబడకుండా దాని పైభాగపు కాంతి మాత్రమే కనబడటం వల్లనే అటువంటి వెలుగు అంతుపట్టనిదవుతుంది.

సరిగ్గా ఇదే లెక్క 2024 మే 10 రాత్రి అమెరికాలోని తెలుగువారి కళ్లముందు మరింత పెద్ద కొలతలో పునరావృతమైంది. సూర్యుడి నుంచి వెలువడిన విద్యుదావేశ కణాల ఉప్పెన భూమి అయస్కాంత క్షేత్రాన్ని తాకి, 2003 తరువాత వచ్చినవాటిలో అత్యంత తీవ్రమైన భూ అయస్కాంత తుపానును రేపింది. మామూలుగా ధ్రువ ప్రాంతాలకే పరిమితమయ్యే అరోరా, అంటే ధ్రువకాంతి, టెక్సాస్, ఫ్లోరిడాల దాకా కనబడింది. ఈ కాంతిలో ఆకుపచ్చ రంగు సుమారు వంద కిలోమీటర్లకు కాస్త పైన పుడుతుంది, ఎరుపు రెండు వందల కిలోమీటర్లు దాటిన తరువాత పుడుతుంది. ఉత్తేజితమైన ఆక్సిజన్ పరమాణువు ఎర్రని కాంతిని విడిచిపెట్టడానికి దాదాపు రెండు నిమిషాలు తీసుకుంటుంది, ఈలోగా మరో అణువు వచ్చి తగిలితే ఆ శక్తి వెలుగు కాకుండానే చేజారిపోతుంది; అందువల్ల గాలి అతి పలుచగా ఉన్న ఎత్తుల్లోనే ఎరుపు బతుకుతుంది. వంద కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఆకుపచ్చ అంచు సుమారు 1,100 కిలోమీటర్ల దాకానే కనబడగా, మూడు వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఎరుపు రెండు వేల కిలోమీటర్ల దాకా కనబడుతుంది. దక్షిణ రాష్ట్రాలవారు ఉత్తరపు అంచున ప్రధానంగా ఎరుపును, గులాబీ ఛాయను చూడటానికి కారణం ఇదే. అదే తుపానులో లడఖ్‌లోని హాన్లే పరిశోధనశాల కెమెరాలకు కూడా ఎరుపే చిక్కింది.

ప్రవాసుల ఆకాశంలో అన్ని వెలుగులూ ఇంత గంభీరమైనవి కావు. 2017 డిసెంబరు 22 సాయంత్రం లాస్ ఏంజిలెస్‌ను నివ్వెరపరచిన నీలితెలుపు ఆకారం, నేల మీద చీకటి పడ్డాక పైన ఇంకా ఎండ తగులుతున్న ఫాల్కన్ రాకెట్ పొగ. 2022 జులైలో ఆస్ట్రేలియాలోని మిల్దురా పట్టణంపై పరచుకున్న గులాబీ కాంతి ఔషధ గంజాయిని పెంచే కేంద్రంలోని దీపాలది. తెరలు వేయడం ఆలస్యమై అది మబ్బులకెక్కింది. గ్రహాంతరవాసుల ఊహలకు ఇంతకంటే చప్పని ముగింపు ఉండదు.

వీటిని వేరుచేయడానికి దుర్భిణి అక్కరలేదు, మబ్బు చాలు. నేల మీది దీపాలవల్లనో మంటవల్లనో పుట్టిన వెలుగు మబ్బు పట్టినప్పుడు పెరుగుతుంది, ఒకే దిక్కున కదలకుండా ఉంటుంది; ధ్రువకాంతి మబ్బు అడ్డం రాగానే మాయమవుతుంది, ఎందుకంటే అది మబ్బులకు ఎంతో పైన ఉంది; రాకెట్ వెలుగు కొద్ది నిమిషాల్లోనే దిక్కు మార్చుకొని చెదిరిపోతుంది. ఫోన్ కెమెరా ఈ విషయంలో నమ్మదగిన సాక్షి కాదు. మసక వెలుతురులో మనిషి కన్ను రంగులను సరిగా పట్టలేదు, కెమెరా మాత్రం కొన్ని సెకన్లపాటు కాంతిని కూడబెట్టి, కంటికి బూడిద రంగుగా తోచినదాన్ని ఎర్రగా చూపుతుంది. కాబట్టి ఫొటోతోపాటు గంట, దిక్కు, ఎత్తు, మబ్బు ఉన్నదీ లేనిదీ రాసిపెట్టకపోతే ఆ ఫొటో వాట్సాప్ వేడుకగానే మిగులుతుంది.

1995 నాటి ఎర్రని రాత్రులను ఆత్రేయపురం, రావులపాలెం, కొత్తపేట వైపుల నుంచి చూసి నేడు వేర్వేరు దేశాల్లో ఉన్నవారు, ఏ గట్టు మీద నుంచి, ఏ దిక్కున, ఎన్ని రాత్రులు ఆ వెలుగు కనబడిందో తెలుగులోనే రాసి ఊరికి పంపాలి. ఇంటి పెద్దలకు ఫోన్ చేసినప్పుడు వారిని కూడా అడిగి, వారు చెప్పినదాన్ని చెప్పినట్టే చేర్చాలి.