కాళ్ల కింది వెచ్చదనం

సియోల్ నగరంలో జనవరి రాత్రి. వీథిలో ఉష్ణోగ్రత సున్నకు పది డిగ్రీలు దిగువకు జారడం అక్కడ అరుదు కాదు. బయటి నుండి వచ్చి, గుమ్మం వద్ద పాదరక్షలు విడిచి, కొత్త ఇంట అడుగుపెట్టిన మనిషికి తొలి స్వాగతం నేల పలుకుతుంది. ఎక్కడా కుంపటి లేదు, మంట లేదు, పొగ వాసన లేదు. నేల మాత్రం అప్పుడే ఎండ నుండి తెచ్చిన దుప్పటివలె గోరువెచ్చగా ఉంటుంది.

ఈ ఏర్పాటును కొరియావారు ‘ఒండోల్’ అంటారు. పాత ఇళ్లలో వంటగది నేల తక్కిన గదులకన్న పల్లంగా ఉండేది. అన్నం ఉడికించిన మంటలోని వేడి, పొగ వృథా పోకుండా పక్కగది నేల కింది కాలువల గుండా సాగి, పైనున్న రాతిపలకలను కాచి, ఆవలి పొగగొట్టం నుండి వెలుపలికి పోయేవి. పలకలపై మట్టి మెత్తి, దానిపై నూనె పట్టించిన దళసరి కాగితం అంటించేవారు. ఒకే మంట కడుపునూ నింపేది, ఒంటినీ కాచేది.

పొయ్యికి దగ్గరి చోటు అన్నిటికన్న వెచ్చన. అది ఇంటి పెద్దలది, అతిథులది. రాత్రి పొద్దుపోయి వచ్చేవారి కోసం అన్నం గిన్నెకు మూతపెట్టి, దుప్పటి కప్పి అక్కడే ఉంచేవారు.

ఈ సుఖానికి ప్రాణాలు చెల్లించిన కాలమూ ఉన్నది. కొరియా యుద్ధం 1953లో ఆగిన తరువాత, కట్టెలకు బదులు బెజ్జాల బొగ్గు దిమ్మెలు ఇంటింటా చేరాయి. అవి చవక, రాత్రంతా నెమ్మదిగా కాలుతాయి. కాని నేల బీటలలో నుండి రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి పాకేది. వెచ్చగా నిద్రించిన కుటుంబాలు కొన్ని మరి మేల్కొనలేదు. ప్రతి శీతకాలమూ అటువంటి వార్తలు మోసుకొచ్చేది.

అందువలన కొత్త ఇళ్లలో మంటను నేల నుండి వేరు చేశారు. బాయిలర్‌లో కాగిన నీరు సిమెంటు కింద పరచిన గొట్టాలలో తిరుగుతుంది. గదిలోకి వేడి వస్తుంది, పొగ రాదు. అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ టోక్యోలో ఒక కొరియా గదిలో ఈ సుఖాన్ని చవిచూసి, 1937లో విస్కాన్సిన్ రాష్ట్రంలో కట్టిన జేకబ్స్ గృహంలో వేడి గొట్టాలను నేల కిందనే పరిపించాడు. దక్షిణ కొరియా ప్రభుత్వం 2018లో ఒండోల్ సంస్కృతిని జాతీయ వారసత్వంగా గుర్తించింది.

నేటి అపార్టుమెంటులో నేలంతా ఒకే వెచ్చన. పెద్దలకంటూ వేరు చోటు లేదు. అన్నాన్ని వేడిగా నిలిపే పని విద్యుత్ కుక్కరుది. అయినా సోఫా ఉన్న ఇంట కూడా చాలామంది నేలపైనే కూర్చుని, దానికి వీపు మాత్రం ఆనిస్తారు. రాత్రి దీపం ఆర్పి, ఏ భయమూ లేకుండా ఆ నేలపైనే నిద్రపోతారు. వారి తాతలకు దొరకని సుఖం అదే.