ఉత్తుత్తి డ్రాఫ్టు

ఏప్రిల్ మాసము వచ్చినదనిన మా యింట రెండు పట్టికలు తయారగును. ఒకటి మా యింటియామె వ్రాయు ఆవకాయ సరకుల పట్టిక. రెండవది మేము వ్రాయునది. డెట్రాయిట్ లయన్స్ అను ఫుట్‌బాల్ జట్టువారు ఆ యేడు ఏయే కళాశాల కుఱ్ఱలను జేర్చుకొనవలయునో తెలుపు పట్టిక. మొదటిదానివలన నింటికి సంవత్సరమునకు సరిపడు ఊరగాయ సమకూరును. రెండవదానివలన నెవరికిని ఏమియు సమకూరదు. జట్టు యజమానులు మమ్మడుగలేదు, అడుగబోరు. అయినను ముప్పది యేండ్లుగా మిషిగన్ రాష్ట్రమున గాపురముండి, ఈ వ్యసనమును మానలేకున్నాము.

చదువరులలో ననేకు లీ యాట నెఱుగకపోవచ్చును. ఇది మన పిల్లలు కాలితో దన్ను బంతియాట కాదు. పేరు ఫుట్‌బాల్ అయినను బంతి చాలవఱకు చేతులలోనే యుండును; ఒకరినొకరు ఢీకొనుటయే దీని ప్రాణము. ముప్పదిరెండు జట్లు కలవు. ఏటేట వసంతమున నవి యొకచోట జేరి, ఏడు రౌండ్లలో వంతులవారీగా రెండువందల యేబదికి పైబడిన విద్యార్థుల పేర్లు చదువును. ఎవరి పేరు ఏ జట్టు చదివిన నాతడు ఆ జట్టుతోనే బేరమాడుకొనవలెను. అంతకు ముందే అభిమానులు తమ యిండ్లలో గూర్చుండి, తమ జట్టు ఎవరిని చదువవలెనో వ్రాసికొందురు. దీనినే మాక్ డ్రాఫ్టు అందురు. మేము ఉత్తుత్తి డ్రాఫ్టు అందుము.

గెలిచెడి జట్టుకంటె ఓడెడి జట్టు నభిమానించువారికే యిందు రుచి యెక్కువ. ఏలననగా ఈ పంక్తిలో ఓడినవానికే ముందు విస్తరి. క్రిందటి యేడు అట్టడుగున నున్న జట్టు మొదట నెన్నుకొనును, విజేత చివర నెన్నుకొనును. మా లయన్స్ 1957 తరువాత నింతవఱకు పట్టము గట్టుకొనలేదు. 2008లో పదునాఱు పందెములాడి పదునాఱును ఓడిరి. అట్టి జట్టువారికి శరత్కాలమంతయు సూతకము, ఏప్రిల్ ఒక్కటే పండుగ.

ఈ పద్ధతి పుట్టుక విచిత్రమైనది. 1935లో ఫిలడెల్ఫియా జట్టు యజమాని బెర్ట్ బెల్ దీనిని ప్రతిపాదించెను. ఆ యేడు అట్టడుగున నున్నది ఆయన జట్టే యని చెప్పినచో ఆయన న్యాయబుద్ధి యెచ్చటనుండి వచ్చినదో చదువరులు గ్రహింతురు. ధనికజట్లు మంచి ఆటగాండ్రనందఱిని కొనిపోవుచుండగా, పోటీవలన జీతములును పెరుగుచుండగా, రెంటికిని ఒకే మందు కనిపెట్టెను. 1936 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలోని యొక హోటలులో 90 పేర్లు బల్లపై వ్రాసి తొమ్మిది జట్లు పంచుకొనెను. మొట్టమొదట నెన్నుకొనబడిన జే బెర్వాంగర్ అనువాడు జీతపు ఆట నాడనేలేదు, వ్యాపారమున బ్రవేశించెను. అనగా నీ పద్ధతిలో మొదట నెంపికయైనవాడే మొదట కాదని చెప్పినవాడు.

సరే, మా పట్టిక మాట. 2022లో మాకు రెండవ వంతు వచ్చెను. మేము ఏయిడన్ హచిన్సన్ అను పేరు వ్రాసితిమి. మిషిగన్‌లోనే పుట్టి పెరిగి, మిషిగన్ విశ్వవిద్యాలయమున నాడినవాడు. సేన యంచున నిలిచి ఎదిరి క్వార్టర్‌బాక్‌పై దుముకువాడు. జాక్సన్‌విల్ జట్టు మొదటి వంతున ట్రావన్ వాకర్‌ను దీసికొనుటతో హచిన్సన్ మాకు మిగిలెను. ఆ రాత్రి మా వీధిలో పటాసులు వినబడినవి.

2023 మార్చి, ఏప్రిల్ మాసములలో జరిగినది వేఱు. ఆ యేడు మా భోజనపు బల్లపై మా కాగితములతో బాటు మఱియొక కాగితము చేరినది. గుంటూరునుండి మా పినతల్లిగారు మా అమ్మాయికై యొక వరుని బయోడేటా పంపిరి. అమ్మాయికి అప్పటికి ఇరువదియారేండ్లు, ఆస్పత్రిలో నుద్యోగము. పెండ్లిచూపులు, కట్నములు మా యింట నిషిద్ధములని మేము ఇరువదియేండ్లుగా చాటుచున్నవారము. బయోడేటా మాత్రము చూచినంత మాత్రమున దోషమేమని మా యింటియామె దానిని బల్లపై బెట్టెను.

అమ్మాయి రెండు కాగితములు చేత బట్టుకొని, పేర్లను వ్రేళ్లతో గప్పి, చదువ నారంభించెను. "ఎత్తు అయిదడుగుల తొమ్మిదంగుళములు. నెమ్మదియైన స్వభావము. కుటుంబమువారు గౌరవనీయులు. చెడు అలవాట్లు లేవు. అమ్మా, ఇది ఎవరు?"

"ఇంకెవరు, గుంటూరు అబ్బాయి" అని మా యింటియామె యనెను.

"కాదు. అలబామా విశ్వవిద్యాలయమునుండి జామీర్ గిబ్స్. బరువు 199 పౌనులు కూడ నున్నది, చదువలేదు. ఇక నిది వినుము. ఎత్తు అయిదడుగుల పదునొకండు. గాయములుగాని, శస్త్రచికిత్సలుగాని లేవు. ఎచ్చటికైనను వచ్చుటకు సిద్ధము."

"ఇది ఆటవాడు."

"ఇది గుంటూరు అబ్బాయి."

మేము నవ్వితిమి. అమ్మాయి నవ్వలేదు. "నాన్నగారూ, పినమామ్మ వ్రాసిన యుత్తరములో నా ఎత్తు, నా ఛాయ అడిగినారని మీకు కోపము వచ్చినది. మీరు ఈ పిల్లల చేతి పొడుగు వ్రాసికొనినారు" అనెను.

ఆమె చెప్పినది నిజమే. ఇండియానాపొలిస్ నగరమున ఏటేట ఈ కుఱ్ఱలను జేర్చి యెత్తు, బరువు, అరచేయి, చేతి పొడుగు కొలుతురు. నలువది గజములు పరుగెత్తింతురు. 225 పౌనుల బరువు ఎన్నిమార్లెత్తగలరో లెక్కింతురు. వీరిలో నధికసంఖ్యాకులు నల్లజాతివారు. ఇది పూర్వపు బానిసల సంతను స్ఫురింపజేయుచున్నదని అమెరికనులే కొందఱు వ్రాసినారు. ఆ మాటకు ప్రత్యుత్తరమును లేకపోలేదు. సంతలోనివానికి జీతము లేదు. హచిన్సన్ మొదటి ఒప్పందము నాలుగేండ్లకు మూడున్నర కోట్ల డాలర్లు దాటెను. పెండ్లికూతురు ఎదురు కట్నమిచ్చి పోవును, వీనికి కట్నమిచ్చి తీసికొందురు. భేదము సామాన్యమైనది కాదని మేమంటిమి. కాని జీతము మంచిదైనంతమాత్రమున అడిగి తీసికొనినట్లగునా యని అమ్మాయి యనెను.

ఈ ప్రశ్న కోర్టు వఱకు బోయినదే. 1968లో వాషింగ్టన్ జట్టు జేమ్స్ స్మిత్ అనువానిని మొదటి రౌండులో నెన్నుకొనెను. లోకులు యాజూ స్మిత్ అందురు. ఒక్క ఋతువులోనే మెడకు దెబ్బ తగిలి ఆట ముగిసెను. పదిమందితో బేరమాడు స్వేచ్ఛ యుండినచో ఇట్టి యాపదకు దగిన యేర్పాటు చేసికొనియుందునని వ్యాజ్యము వేసెను. 1976లో న్యాయస్థానము డ్రాఫ్టు వ్యాపారస్వేచ్ఛకు విరుద్ధమని తీర్పు చెప్పినది. అయినను మఱుసటి యేడు ఆటగాండ్ర సంఘమే యజమానులతో ఒడంబడిక చేసికొని దాని కంగీకరించుటచే నది నేటికిని నిలిచియున్నది. ఒప్పుకొనిన పెద్దలు ఉద్యోగములోనున్నవారు. కట్టుబడు పిల్లలు ఇంకను కళాశాలలలోనున్నవారు. ఈ తీరు మన పెండ్లి యొడంబడికలలో మనకు దెలియనిది కాదు. ఇంకొక వింత: ఏడు రౌండ్లలో నెవరును పేరు చదువనివాడు తన కిష్టమైన జట్టుతో బేరమాడుకొనవచ్చును. ఎవరికిని అక్కఱలేనివానికే స్వయంవరము!

ఆ యేడు డ్రాఫ్టు కాన్సస్ సిటీలో జరిగెను. మేము వ్రాసిన మొదటి పేరు డెవన్ విదర్‌స్పూన్. మా యాఱవ వంతుకు ముందే, అయిదవ వంతున సియాటిల్ వారు తీసికొనిపోయిరి. మా జట్టు వ్యవహర్త బ్రాడ్ హోమ్స్ ఆ యాఱవ వంతును అమ్మి పండ్రెండవ వంతుకు దిగి, జామీర్ గిబ్స్ పేరు చదివించెను. అమ్మాయి తల్లివైపు చూచి, "గుంటూరు అబ్బాయి వచ్చినాడమ్మా" అనెను. మేము పదునెనిమిదవ వంతున వ్రాసికొనిన బ్రయన్ బ్రాంచ్ మఱునాడు నలుబదియయిదవ వంతున మాకే దొరకెను.

కాని మాకు ఆ రాత్రి జ్ఞాపకమున్నది విల్ లెవిస్ ముఖము. మొదటి రాత్రి 31 పేర్లు చదివిరి. ఆతడు మంచి దుస్తులు ధరించి, ఆత్మీయులతో గూర్చుండి, ఒక్కొక్క పేరునకును తలయెత్తుచుండెను. కెమెరా మాటిమాటికి ఆతని ముఖముపైకే పోవుచుండెను. మఱునాడు 33వ వంతున టెనెసీ వారు చదివిరిగాని, అప్పటి కాతడా సభలో లేడు. "ముస్తాబు చేసి కూర్చుండబెట్టుట యెందుకు?" అని మా యింటియామె టెలివిజను కట్టివేసెను. ఆమెకు పదునెనిమిదవ యేట రెండుమార్లు అట్లు కూర్చుండిన యనుభవము కలదు. మా జట్టులోని ఆమన్-రా సెయింట్ బ్రౌన్ 2021లో 112వ వంతున వచ్చినవాడు. తనకంటె ముందు ఎన్నుకొనబడిన పదునాఱుమంది రిసీవర్ల పేర్లను నేటికిని వరుసగా నప్పగించును. ఇది పట్టుదల యని అందఱును మెచ్చుకొందురు. పదునాఱు పేర్లు గుండెలో మోయుట యెట్టిదో కొందఱు స్త్రీలు చెప్పగలరు.

2023లోనే ఆటగాండ్ర సంఘమువారు ఒక మంచి పని చేసిరి. తమ సభ్యుల నడిగి జట్లకు మార్కులు వేసి ప్రకటించిరి: భోజన మెట్లున్నది, కుటుంబముల నెట్లు చూచుచున్నారు, ప్రయాణము లెట్లున్నవి అని. జాక్సన్‌విల్ వారి గదులలో ఎలుకలు తిరిగినవనియు, ఆరిజోనా వారు రాత్రి భోజనము ఖర్చును జీతములో గోసికొనిరనియు దానివలన బయటపడెను. ఇది అత్తవారింటి వాకబు. మన పూర్వులు పిల్లనిచ్చుటకు ముందు చాకలివానిని, మంగలివానిని అడిగి తెలిసికొనెడివారు గదా!

అమ్మాయి దీనిని పట్టుకొనెను. 2024 ఏప్రిల్‌లో మా పట్టిక ప్రక్కనే తాను వేఱొక పట్టిక వ్రాసెను. అందు ఏ జట్టు ఏ కుఱ్ఱను దీసికొనవలెనో లేదు; ఏ కుఱ్ఱ ఏ జట్టునకు బోవలెనో యున్నది. నాలుగు గళ్లు: మార్కులెన్ని, తల్లిదండ్రులకు దూరమెంత, గురువెట్టివాడు, ఆ స్థానములో ముందాడినవారు ఇప్పుడెట్లున్నారు. ఈ కడపటి గడి నింపుట కష్టము. 2017లో బోస్టన్ విశ్వవిద్యాలయము వారు మరణించిన 111 మంది పూర్వపు ఆటగాండ్ర మెదళ్లను పరీక్షింపగా 110 మెదళ్లలో వ్యాధి కనబడెను. కుటుంబములవారు అనుమానముతో దానమిచ్చిన మెదళ్లగుటచే నిది ఆటగాండ్రందఱి లెక్క కాదుగాని, లెక్కచేయరానిదియు గాదు. ఆస్పత్రిలో పనిచేయు పిల్ల యగుటచే నా గడిని వదలుమని మేమనలేదు. ఆమె పట్టికలోని పదిమందిలో ముగ్గురు డెట్రాయిట్‌కు వచ్చిరి. మాకు సంతోషమే కలిగెను.

గుంటూరు వారికిని ఆమె యిట్టి గళ్ల కాగితమే పంపెను. మీ యింట వంట యెవరిది, మీ పెద్దకోడలు చదివిన చదువు ఇప్పుడేమైనది, కోడలి జీత మెవరిచేత నుండును, పుట్టింటికి ఏడాదికి ఎన్నిదినములు. "ఇట్లడిగినచో సంబంధములు రావు నాయనా" అని పినతల్లిగారు ఫోను చేసిరి. "రానియ్యకుడు పిన్నిగారూ" అని మా యింటియామె బదులు చెప్పెను.

2024 అక్టోబరులో డల్లాస్ మైదానమున హచిన్సన్ కాలు విఱిగెను. ఆ రాత్రియే మిత్రుడొకడు ఫోను చేసి, "వచ్చే ఏప్రిల్‌కు అంచున ఎవరిని వ్రాయుచున్నారు?" అని యడిగెను. ఆతని నింకను మైదానమునుండి తీసికొనిపోయి రెండు గంటలైన గాలేదు. ఆ పంక్తి యీ యేడు ఖాళీగానుండునని చెప్పితిమి. 2025 ఏప్రిల్ పట్టికలో ఖాళీగానే యుంచితిమి కూడ. జట్టువారును మొదటి రౌండులో, 28వ వంతున, టైలీక్ విలియమ్స్ అను మధ్యన నిలుచువానిని దీసికొనిరి. ఆ యేటి ఋతువున హచిన్సన్ తిరిగి వచ్చి తన యంచున నిలిచెను.